‘పెరూ’ అని మాత్రమే రాసి ఉన్న వరుస

పోయిన ఆగస్టులో ఒక రాత్రి, బయట ముసురు పట్టి ఉండగా, లాప్‌టాప్‌లో ఒక వరుసని డిలీట్ చేయబోయి ఆగిపోయాను. ఎక్సెల్ షీటులో ఉన్నది ఇంతే. మొక్క పేరు: బెర్బెరిస్ లూటియా. సేకరించినవాళ్లు: రూయిస్, పవోన్. దేశం: పెరూ. ఊరు ఖాళీ. తేదీ ఖాళీ. ఎత్తు ఖాళీ. అక్షాంశం, రేఖాంశం రెండూ ఖాళీ.

నా ఉద్యోగమూ ఇలాంటిదే. ఒక డెలివరీ కంపెనీకి అడ్రసుల డేటా శుభ్రం చేస్తాను. ‘రామాలయం ఎదురు సందు, నీలం గేటు’ లాంటివి వస్తుంటాయి, వాటిని మ్యాప్ మీద చుక్కగా మార్చాలి. మారనివాటిని తీసి పక్కన పడేయాలి. అలా రోజూ ఎన్నో వరుసలు పోతాయి, ఒక్కదానికీ బాధపడను. ఈ ఆండీస్ ముళ్లపొద సంగతి మాత్రం సరదాకి మొదలుపెట్టింది. డిగ్రీలో బోటనీ చదివి సాఫ్ట్‌వేర్‌లో వచ్చిపడిన చాలామందిలాగే నాకూ ఆ పాత ప్రేమ పూర్తిగా చావలేదు. ప్రపంచంలోని హెర్బేరియంలు, అంటే ఎండబెట్టిన మొక్కల్ని షీట్ల మీద అతికించి దాచే చోట్లు, తమ దగ్గరున్న మొక్కల వివరాలను జీబిఫ్ అనే ఉమ్మడి డేటాబేస్‌లో పెడుతుంటాయి. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. నేనూ దింపుకున్నాను. శుభ్రం చేసి, ఈ పొద ఏ ఎత్తులో పెరుగుతుందో ఒక చిన్న మ్యాప్ గీద్దామనుకున్నాను.

ఊరు లేని వరుస మ్యాప్‌కి పనికిరాదు. రూలు ప్రకారం తీసేయాలి. వేలు డిలీట్ మీదే ఉంది. అప్పుడే నా తంగేడు గుర్తొచ్చింది.

బీఎస్సీ రెండో ఏడాదిలో మాకు ముప్పై షీట్ల హెర్బేరియం రికార్డు ఉండేది. పాత ఈనాడు పేపర్ల మధ్య కొమ్మని పరిచి, పైనా కిందా చెక్కలు పెట్టి, వాటి మీద హాస్టల్లో దొరికిన బరువైనవన్నీ పేర్చేవాళ్లం, ట్రంకు పెట్టెలతో సహా. మొదటి వారం రోజూ పేపర్లు మార్చాలి. మార్చకపోతే ఆకులు నల్లబడి బూజు పడతాయి. తలకోన ట్రిప్పులో తెచ్చుకున్న కొమ్మ ఒకటి, నేను పట్టించుకోక, వానల్లో సరిగ్గా అలాగే పాడైపోయింది. రికార్డు ఇవ్వాల్సిన ముందు రోజు ఒకటే టెన్షన్. హాస్టల్ వెనక ఖాళీ జాగాలో తంగేడు విరగబూసి ఉంది. రెండు రెమ్మలు తుంచి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, దారంతో అట్టకి కుట్టి, కింద కుడి మూలన లేబుల్ అంటించి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. స్థలం: తలకోన, జలపాతం దారి. తేదీ: ట్రిప్పుకి వెళ్లిన తేదీ. సేకరించినవారు: నేను.

మంచి మార్కులొచ్చాయి. షీటు శుభ్రంగా ఉందని డిపార్ట్‌మెంట్ బీరువాలో దాచుకున్నారు కూడా. తలకోన దారిలో తంగేడు ఉండదా అంటే ఎందుకుండదు, ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇవాళ ఏ డేటా క్లీనింగ్ ప్రోగ్రామ్‌కి ఆ లేబుల్ చూపించినా నూటికి నూరు వేస్తుంది. అన్ని గడులూ నిండి ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసిగి ఉన్నాయి. అబద్ధమన్న ఒక్క లోపం తప్ప.

రూయిస్, పవోన్‌ల వరుసలో గడులన్నీ ఖాళీ, నా వరుసలో అన్నీ నిండు. నేను పొద్దస్తమానం వాడే రూలు ప్రకారం వాళ్లది చెత్త, నాది బంగారం. ఇదెక్కడి న్యాయం అన్నదే నా గొడవ.

ముందు పొద సంగతి చెప్పాలి. బెర్బెరిస్ అనే ప్రజాతిలో వందల జాతులున్నాయి. అవి రెండుచోట్ల బాగా గుంపులుగా పెరుగుతాయి. ఒకటి హిమాలయాలు, చైనా వైపు. రెండోది దక్షిణ అమెరికా ఆండీస్ కొండలు. లూటియా అంటే లాటిన్‌లో పసుపుపచ్చనిది. పువ్వూ పసుపే, బెరడు గీరితే లోపలి చెక్కా పసుపే. ఆ రంగు బెర్బెరిన్ అనే చేదు పదార్థానిది. ఆండీస్ పల్లెల్లో ఈ రకం పొదల చెక్కతో ఉన్నికి రంగు వేస్తారు.

స్కాన్ చేసిన షీటు ఒకదాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చాలాసేపు చూశాను. చిటికెన వేలంత లావు కొమ్మ. దాని మీద మూడు మొనల ముళ్లు. నిజానికి అవి ముళ్లుగా మారిన ఆకులు. ఒక్కో ముల్లు చంకలోంచి చిన్న చిన్న ఆకులు కుచ్చులా వచ్చాయి. పువ్వులు టీ డికాషన్ రంగుకి తిరిగాయి. కొమ్మని ఏటవాలుగా కోసిన చోట మాత్రం, గోరంత మేర, పసుపు ఇంకా పసుపుగానే ఉంది.

బతికున్న బెర్బెరిస్ పువ్వులో కేసరాల మొదలుని గడ్డిపరకతో తాకితే అవి చటుక్కున లోపలికి కొట్టుకుంటాయి. తేనె కోసం మూతి పెట్టిన పురుగుకి పుప్పొడి అంటించే ఏర్పాటు అది. మన అత్తిపత్తికి అన్న అనుకోండి. షీటులో ఆ కదలిక ఉండదు. పొద మనిషెత్తు ఉందో మోకాలెత్తు ఉందో తెలియదు. పండు మీది నీలి బూడిద చెయ్యి తగిలితేనే పోతుంది, ఇక ప్రెస్సులో ఏం మిగులుతుంది? పక్కన ఏరు ఉందా, ఎండు గడ్డి ఉందా, మేకలు మేస్తున్నాయా? ఇవన్నీ చెప్పాల్సింది లేబులే. అరచేతిలో సగం కూడా లేని ఆ కాగితం మాట్లాడకపోతే ఎండు కొమ్మ సగం మూగదైపోతుంది.

మరి రూయిస్, పవోన్‌ల లేబుల్ ఎందుకు మాట్లాడలేదు?

ఇపోలితో రూయిస్, హోసే పవోన్ స్పెయిన్ రాజు పంపిన కుర్ర బొటానిస్టులు. 1777లో బయలుదేరి, 1778లో లిమా చేరారు. వాళ్లతో ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ దోంబే కూడా ఉన్నాడు. పదేళ్లు పెరూ, చిలీ కొండలెక్కి దిగారు. తార్మా, వానుకో చుట్టుపక్కల గాలించారు. 1785 ఆగస్టులో వానుకో దగ్గర మకోరా అనే తోటలో వాళ్ల మకాం తగలబడింది. మూడేళ్లకు పైగా రాసుకున్న నోట్సు, బొమ్మలు, ఎండబెట్టిన మొక్కలు బూడిదయ్యాయి. అది చాలదన్నట్టు, అంతకుముందే స్పెయిన్‌కి పంపిన 53 పెట్టెల సరుకు 1786 ఫిబ్రవరిలో పోర్చుగల్ తీరంలోని పెనీష్ దగ్గర ఓడతో సహా మునిగిపోయింది. సాన్ పెద్రో దె అల్కాంతరా అనే ఆ ఓడలో వందమందికి పైగా చనిపోయారు. అందులో నిండా కుక్కింది వెండి, రాగి. మొక్కల పెట్టెలు దాంతోపాటు పోయాయి.

దోంబే కథ ఇంకా ఘోరం. అతని సేకరణలో సగం స్పెయిన్‌లోనే లాగేసుకున్నారు. మిగతాది పారిస్ చేరితే, స్పెయిన్ మళ్లీ అడుగుతుందన్న భయంతో లెరిత్యే అనే బొటానిస్టు దాన్ని మూటగట్టుకుని 1786లో లండన్ పారిపోయాడు. దోంబే చివరికి, కొత్తగా పుట్టిన మెట్రిక్ కొలతల నమూనాలు అమెరికాకి తీసుకెళ్తూ సముద్రపు దొంగలకు చిక్కి, మాంత్‌సెరాత్ దీవి జైల్లో 1794లో చనిపోయాడు. ఒక కిలో బరువు, ఒక మీటరు బద్ద చేతిలో పట్టుకుని బయలుదేరిన మనిషి. కొలతల గురించి వ్యాసం రాస్తూ ఈ సంగతి వదిలేయలేకపోయాను, క్షమించాలి.

రూయిస్, పవోన్ 1788లో ఇంటికి చేరారు. మిగిలినవాటితో పెరూ, చిలీ మొక్కల మీద పెద్ద పుస్తకం వేశారు. మూడో సంపుటం 1802లో వచ్చింది. మన పొదకి ఆ పేరు పెట్టింది అందులోనే. తర్వాత డబ్బు అయిపోయింది, పుస్తకం ఆగిపోయింది. ముసలితనంలో, జీతాలు సరిగా రాని రోజుల్లో, పవోన్ ఆ షీట్లను ఇంగ్లండులోని లాంబర్ట్ లాంటి ధనవంతులకు గుట్టుగా అమ్ముకున్నాడు. అమ్మినవాటిలో తాను తెచ్చినవే కాక, తర్వాత గుయాకిల్ (ఇప్పటి ఈక్వడార్) వైపు తిరిగిన తఫాయా అనే బొటానిస్టు తెచ్చినవీ, మెక్సికో నుంచి వేరేవాళ్లు పంపినవీ కలిసిపోయాయి. చాలావాటి మీద పై వివరాలేమీ లేవు. అందుకే యూరప్‌లో పవోన్ పేరుతో ఉన్న షీటు మీద ‘పెరూ’ అని కనిపిస్తే, మొక్క పెరూదేనా అన్న సందేహం అనుభవజ్ఞులకు ముందే వస్తుంది.

ఇప్పుడు ఆ ఖాళీ గడులు మళ్లీ చూడండి. నిప్పు, నీరు, రాజ్యాల గొడవలు, ఒక ముసలాయన ఇంటి ఖర్చు. అవన్నీ ఆ ఖాళీలో ఉన్నాయి. డేటాబేస్ వాటిని ‘నల్’ అంటుంది.

నిండిన గడి కొన్నిసార్లు ఇంతకన్నా ప్రమాదం. ‘పెరూ’ అని మాత్రమే ఉన్న వరుసకి కొన్ని ప్రోగ్రాములు ఊరుకోక దేశం నడిబొడ్డున ఒక బిందువు అంటగడతాయి. పెరూ నడిబొడ్డు పడేది ఆండీస్‌కి తూర్పున, అమెజాన్ అడవుల వైపు. అంటే చలికొండల ముళ్లపొద వెళ్లి ఉక్కపోతలో నిలబడుతుంది. ఇంకో రకం తప్పు గుర్తుల దగ్గర. పెరూ భూమధ్యరేఖకి దక్షిణాన, గ్రీనిచ్‌కి పశ్చిమాన ఉంది కాబట్టి రెండు అంకెలకూ ముందు మైనస్ ఉండాలి. ఎక్కడో ఎవరో కాపీ చేసేటప్పుడు అవి రాలిపోతాయి. వానుకో ఊరు దాదాపు 9.9 దక్షిణం, 76.2 పశ్చిమం. రెండు మైనస్‌లూ తీసేసి మ్యాప్‌లో కొట్టి చూడండి. సూటిగా కొచ్చిలో దిగుతారు! రూయిస్ తిరిగిన కొండల పొద మన కేరళ ఓడరేవులో మొలిచి ఉంటుంది. ఇది మాత్రం ఏ ప్రోగ్రామైనా పట్టేస్తుంది, దేశం పేరుతో పొసగదు కాబట్టి. పట్టుబడనివి పొసిగేవే. నా తంగేడులాగా.

పొసిగే తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో ఆండీస్‌లోనే ఒక పేరున్న కేసు ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్, అతని తోడు వెళ్లిన ఫ్రెంచి బొటానిస్టు బోన్‌ప్లాన్ 1802లో ఈక్వడార్‌లో చింబొరాసో కొండ ఎక్కారు. తర్వాత 1807లో హంబోల్ట్ ఆ కొండ బొమ్మ గీయించి, ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో పేర్లతో నింపి అచ్చు వేయించాడు. చాలా అందమైన బొమ్మ. రెండు శతాబ్దాల తర్వాత కొందరు పరిశోధకులు మళ్లీ చింబొరాసో ఎక్కి, పాత ఎత్తులతో పోల్చి, మొక్కలు సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. భూమి వేడెక్కుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యమేముందని పత్రికలన్నీ రాశాయి. నేనూ ఫేస్‌బుక్‌లో షేర్ చేశాను.

2019లో ఇంకో బృందం చేసిన పని నాకు చాలా నచ్చింది. వాళ్లు ముందు కాగితాలు చదివారు. హంబోల్ట్ నోట్సు, బోన్‌ప్లాన్ డైరీ, పారిస్ హెర్బేరియంలోని అసలు షీట్లు. తీరా చూస్తే ఆ బొమ్మలోని పైఎత్తు మొక్కల్లో చాలావరకు చింబొరాసోవి కావు. అక్కడికి ఎక్కడో ఉత్తరాన ఉన్న అంతిసానా కొండ మీద సేకరించినవి. హంబోల్ట్ మోసం చేయలేదు. అది ఒక కొండ ఫొటో కాదు, ఆండీస్ మొత్తానికి ఒక నమూనా చిత్రం. కొలతలూ సవరిస్తూ గీసుకుంటూ పోయాడు. దాన్ని ఎక్సెల్ షీటులా చదివింది మనం. అంతిసానాకి వెళ్లి పోలిస్తే జరుగుడు 215 నుంచి 266 మీటర్ల మధ్య తేలింది. మొక్కలు పైకి వెళ్తున్నమాట నిజం, భూమి వేడెక్కుతున్నమాటా నిజం. కానీ అంకె సగానికి పడిపోయింది, అదీ ఒక డైరీ చదివినందుకు.

అందుకే మ్యాప్ మీది చుక్కని నేనిప్పుడు సాక్షి వాంగ్మూలంలా చూస్తున్నాను. ఎవరు చెప్పారు, కళ్లతో చూసి చెప్పారా, ఎప్పుడు రాశారు, అక్కడిదాకా ఎందుకు వెళ్లారు? ఆండీస్ పొదల చుక్కలు మ్యాప్ మీద పరిస్తే చాలాచోట్ల రోడ్డు ఆకారం వస్తుంది. మనిషి బండి ఆపి, దిగి, కత్తిరించిన చోటు అది. లోయ అవతల పొద లేదని దాని అర్థం కాదు, అవతలికి ఎవరూ దాటలేదని. ఫలానా పొద అరుదైపోయిందని రాసేముందు ఆ ఇరవై ఏళ్లలో అటువైపు ఎవరైనా వెళ్లారా అని అడగాలి.

చుక్కలు లెక్కపెట్టడంలో ఇంకో చిక్కుంది. ఒక పొద నుంచి ఒకే రోజు ఐదు కొమ్మలు కోసి, ఐదు షీట్లు చేసి, ఐదు నగరాల హెర్బేరియంలకు పంచడం పాత ఆనవాయితీ. మంచి ఆనవాయితీ కూడా, ఎందుకంటే ఒకచోట తగలబడితే ఇంకోచోట మిగులుతుంది. కానీ డేటాబేస్‌కి అవి ఐదు వరుసలుగా వస్తాయి. పైగా ఒక్కోచోట ఒక్కో నిపుణుడు ఒక్కో పేరు రాసి ఉంటాడు. గుగ్గిలం కుటుంబం చెట్ల మీద 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, ఇలా పంచిన షీట్లలో 29 శాతం వేర్వేరు హెర్బేరియంలలో వేర్వేరు పేర్లతో ఉన్నాయని తేలింది. ఒకే చెట్టు కొమ్మలివి! బెర్బెరిస్ ఏం తక్కువ తినలేదు. 1961లో ఆరెంట్ అనే ఆయన ఈ ప్రజాతి మొత్తాన్ని తిరగరాసి దాదాపు 500 జాతులు చూపించాడు, కొన్నింటికి ఆధారం ఒకటీ అరా షీట్లే. 1999లో లాండ్రమ్ చిలీ, దక్షిణ అర్జెంటీనా పొదల్ని మళ్లీ చూసి చాలా పేర్లు కలిపేశాడు. పటగోనియాలో జనం కలఫాతే అని పిలిచి పండ్లు తినే పొదకి అంతకుముందు మూడు నాలుగు శాస్త్రీయ నామాలుండేవి. జనానికి ఎప్పుడూ ఒకటే పేరు.

అలాగని జనం పేర్లని గుడ్డిగా నమ్మలేం. ఆండీస్‌లో కొన్ని చోట్ల బెర్బెరిస్‌ని ‘ఉన్యా దె గాతో’ అంటారు, పిల్లిగోరు అని. అదే పేరుతో పెరూలో మందుల కొట్లలో అమ్మేది అమెజాన్ అడవి తీగ. దానికీ దీనికీ చుట్టరికమే లేదు. లేబుల్ మీద ఆ ఒక్క మాటే ఉండి, కొమ్మ రాలిపోతే ఇక ఎవరు తేలుస్తారు?

దీన్ని పరీక్షించడానికి పెరూ వెళ్లనక్కర్లేదు. ఆయుర్వేదంలో దారుహరిద్ర అంటే హిమాలయాల బెర్బెరిస్, మన ఆండీస్ పొదకి దూరపు చుట్టం. దానికి తెలుగులో మానుపసుపు అని రాస్తారు. కానీ దక్షిణాదిలో మానుపసుపు పేరుతో ఎక్కువగా వచ్చేది పడమటి కనుమల్లో, సింహళంలో పెరిగే ఒక పెద్ద తీగ కాండం. అది తిప్పతీగ కుటుంబం. దాంట్లోనూ బెర్బెరిన్ ఉంటుంది, అదీ పసుపే, అదీ చేదే. హైదరాబాద్‌లో ఒక మూలికల కొట్టుకెళ్లి అడిగాను.

“మానుపసుపు వంద గ్రాములివ్వండి.”

“ఏదమ్మా, పైదా, మనదా?”

“పైది అంటే?”

“ఉత్తరాది నుంచొచ్చేది. ముల్లుచెట్టుది. మనది తీగ. చూడండి.” రెండు డబ్బాలు దించి, చెరో ముక్క చేతిలో పెట్టాడు. తీగ ముక్కని అడ్డంగా కోసిన చోట బండి చక్రం ఆకుల్లా గీతలు పరుచుకుని ఉన్నాయి. రెండోది బిగుతుగా, బరువుగా ఉంది. “బిల్లులో రెండూ మానుపసుపేనమ్మా. తెలిసినవాళ్లు అడుగుతారు, తెలియనివాళ్లకి మేమే అడుగుతాం.”

బిల్లులో ఒకే పేరు, డబ్బాలు మాత్రం రెండు. ముక్క చేతిలో ఉంది కాబట్టి తేలింది. హెర్బేరియం షీటు చేసే పని ఇదే. పేరు మీద గొడవొస్తే తీసి చూపించడానికి ముక్క ఉండాలి.

ముక్క పోతే ఏమవుతుందో బెర్లిన్ చెబుతుంది. వెబర్‌బావర్ అనే జర్మన్ 1901 నుంచి పెరూ కొండల్లో జీవితమంతా తిరిగి, తన సేకరణలో మొదటి సెట్టు బెర్లిన్‌కి పంపేవాడు. అక్కడ దాదాపు 40 లక్షల షీట్లుండేవి. 1943 మార్చి 1 రాత్రి బాంబుల్లో ఆ భవనం తగలబడి చాలాభాగం పోయింది. అయితే అంతకు పధ్నాలుగేళ్ల ముందు, 1929లో, షికాగో ఫీల్డ్ మ్యూజియం తరఫున మాక్‌బ్రైడ్ అనే ఆయన పెరూ మొక్కల పుస్తకం రాయడానికని యూరప్ వచ్చి, బెర్లిన్‌తో మొదలుపెట్టి, పదేళ్లపాటు ఒక్కో టైపు షీటునీ (ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న షీటు అది) ఫొటో తీస్తూ పోయాడు. దాదాపు 40,000 నెగటివ్‌లు. యుద్ధం వస్తుందని కాదు, ఇంటికెళ్లాక పోల్చుకోవడానికి. ఇప్పుడు కొన్ని ఆండీస్ మొక్కలకు అసలు షీటు లేదు, నలుపు తెలుపు ఫొటో ఉంది, దాని మూలన లేబుల్ మీది గజిబిజి చేతిరాత ఉంది. ఆ ఫొటోలో పువ్వు లోపల ఏముందో చూడలేం. గీరి పసుపు ఉందో లేదో చూడలేం. అయినా కళ్లకద్దుకుని వాడుకుంటున్నారు.

స్కాన్లు అయిపోయాయి కదా, ఇంకా ఈ బీరువాలెందుకు అనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ 8 లక్షల పైచిలుకు షీట్లున్న తన హెర్బేరియం మూసేస్తున్నట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. చోటు ఖర్చు, మనుషుల ఖర్చు అన్నారు. ఖర్చే, కాదనను. కానీ 2010లో వచ్చిన ఒక లెక్క ప్రకారం, కొత్త జాతులుగా గుర్తించిన మొక్కల్లో దాదాపు పావువంతు అంతకు 50 ఏళ్ల క్రితమే ఎవరో కోసి బీరువాలో పెట్టినవి. అర్ధ శతాబ్దం పాటు వాటి మీద తప్పు పేరో, పేరు లేకపోవడమో ఉంది. ఆ యాభై ఏళ్లలో ఎవరైనా స్కాన్ తీసి షీటు పారేసి ఉంటే?

ఇదంతా ఆఫీసులో భోజనాల దగ్గర మా టీమ్ కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విని, పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు: “అక్కా, ప్రతి వరుసకీ ఇలా కథ వింటూ కూర్చుంటే మోడల్ ఎప్పుడు రన్ అవుతుంది?”

న్యాయమైన మాటే. జీబిఫ్‌లో వరుసలు 200 కోట్లు దాటాయి. చేత్తో చదవడం ఎవరి తరమూ కాదు. పిచ్చుకకైతే లక్షల వరుసలుంటాయి, వెయ్యి తీసేసినా బొమ్మ మారదు. డెలివరీ అడ్రసుల్లోనూ అంతే, రేపు పొద్దున నేను మళ్లీ తీసేస్తాను. కానీ ఆండీస్‌లో ఒక లోయకో రెండు లోయలకో పరిమితమైన ముళ్లపొదకి ఉండేది చేత్తో చదవగలిగినన్ని వరుసలే. పిచ్చుక కోసం రాసిన ప్రోగ్రామే దాని మీదా నడిపితే సగం చరిత్ర ఊడ్చుకుపోతుంది. అదీ పాత సగం, మళ్లీ దొరకని సగం.

పైగా తీసేయడం, నమ్మేయడం అనే రెండే దారులు ఎవరు పెట్టారు? ఆ డేటాబేస్‌లోనే ‘ఈ చుక్క ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చు’ అని రాయడానికి ఒక గడి ఉంది. పెరూ అంటే వెయ్యి కిలోమీటర్లు అని రాసుకోవచ్చు. ఎత్తు లెక్కకి ఆ వరుస పనికిరాదు, సరే. ఈ పేరు ఏ కొమ్మకి పెట్టారన్న లెక్కకి అదే మూలం. ఏ ప్రశ్నకి ఏ సాక్షిని పిలవాలో మనం చూసుకోవాలి గానీ, ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేదని సాక్షిని ఊరి నుంచి వెలేస్తామా? చిత్రమేమిటంటే నేను దింపుకున్న వరుసల్లో చాలావాటికి ఆ మీటర్ల గడే ఖాళీ. చుక్క పెట్టడానికి ధైర్యం ఉంది, ఎంత నమ్మకంతో పెట్టారో చెప్పడానికి లేదు.

లేబుళ్ల మీద ఎప్పుడూ గడే ఉండనిది ఇంకొకటి ఉంది. దారి చూపినవాళ్ల పేరు. రూయిస్‌కి ఆ కొండల్లో ఏ పొద ఎక్కడుందో చూపించినవాళ్లు, కంచరగాడిదలు తోలినవాళ్లు, చెక్కతో రంగు తీయడం తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. మన దగ్గరా అంతే. సామర్లకోటలో ఉన్నప్పుడు బ్రిటిష్ బొటానిస్టు రాక్స్‌బరో మన మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. సోమిద చెట్టు పేరే ‘సోయ్‌మిడా’ అయి శాస్త్రంలో ఇప్పటికీ నిలిచింది. ఆ పేరు చెప్పిన మనిషి పేరు నిలవలేదు.

నా వరుస సంగతి. డిలీట్ చేయలేదు. మ్యాప్‌లోంచి పక్కకి తీసి, ‘స్థలం తెలియదు, టైపు సేకరణకు సంబంధించినది కావచ్చు’ అని రిమార్కు రాసి ఉంచాను. మ్యాప్ ఇంకా పూర్తి కాలేదు. ఈ లెక్కన ఇప్పట్లో అయ్యేలా లేదు.

దసరా సెలవుల్లో ఊరెళ్లినప్పుడు కాలేజీకి వెళ్లాను. నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. విషయం చెబితే అటెండర్ గారు నవ్వి, తాళం తీసి బీరువా చూపించారు. నాఫ్తలీన్ వాసన ఎప్పుడో పోయింది, చెదల మందు వాసన ఉంది. నా షీటు దొరికింది. పురుగు పట్టి ఆకులు, పువ్వులు పొడి అయిపోయాయి. రెండు కాయలు, కుట్టిన దారం, నడుమ కాస్త పుల్ల మిగిలాయి. లేబుల్ మాత్రం చెక్కుచెదరలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు.

“పారేయమంటారా అమ్మా?” అన్నారాయన.

వద్దన్నాను. హెర్బేరియంలో పాత లేబుల్‌ని కొట్టేయకూడదు, పక్కన కొత్త చీటీ అంటించాలి. తెల్ల కాగితం అడిగి తీసుకుని పెన్సిల్‌తో రాశాను. ‘స్థలం సవరణ: తలకోన కాదు. కాలేజీ హాస్టల్ వెనక ఖాళీ జాగా.’ సంతకం చేశాను. తేదీ దగ్గర ఆగిపోయాను. అది తలకోన వెళ్లిన రోజు కాదు, రికార్డు ఇచ్చిన ముందు రోజు. అది ఏ రోజో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నవంబరా, డిసెంబరా?

ఆ గడి ఖాళీగా వదిలి చీటీ అంటించాను.